నాలుగంకెల కుర్చీ

ఏదైనా నాలుగంకెల సంఖ్య చెప్పమంటే మా మరిది ధనరాజు పెద్దగా ఆలోచించకుండా తన మోటారు సైకిలు నంబరు చెప్పాడు. మూడు, ఐదు, రెండు, నాలుగు. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, లెక్క అతనిచేతే చేయించాను. అంకెల్ని పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చమన్నాను: 5432. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చమన్నాను: 2345. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 3087. దాన్నీ అలాగే పేర్చి తీసెయ్యమన్నాను. 8730 లోంచి 0378 పోతే 8352. మళ్ళీ పేరిస్తే 8532, అందులోంచి 2358 పోతే 6174.

ఇంకోసారి చెయ్యమన్నాను. 7641 లోంచి 1467 తీసి, వచ్చినదాన్ని చూసి బుర్ర గోక్కున్నాడు. మళ్ళీ 6174. ఆ తర్వాత తను పుట్టిన సంవత్సరంతో చేశాడు, ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలతో చేశాడు. ఒకటి మూడు తీసివేతల్లో, ఇంకొకటి ఆరు తీసివేతల్లో, చివరికి అన్నీ అక్కడికే వచ్చి పడ్డాయి. ఏడింటికి మించి పట్టదని చెప్పాను. మహారాష్ట్రలో ఒక బడిపంతులు ఎప్పుడో కనిపెట్టిన సంగతే ఇది.

"ఎక్కడ వల ఏసినా అదే చేప పడతందేంటి వదినా," అన్నాడు ధనరాజు.

నా పేరు నూకరత్నం. కాకినాడ దుమ్ములపేటలో చేపలమ్మి మా అమ్మ నన్ను గణితంలో డాక్టరేటు దాకా చదివించింది. చెల్లెలు వీరవేణి మాత్రం ఏడో తరగతిలోనే బడి మానేసి అమ్మతోపాటు గంప ఎత్తింది. నా ఫీజులో సగం దాని నెత్తిమీద నుంచి దిగిందే. ఆ సంగతి నేను మర్చిపోకుండా నెలకోసారి గుర్తుచేసేది కూడా. దాని నోరంటే పేటంతా హడల్. చేపల మార్కెట్లో బేరగాళ్ళు వేణి దగ్గర గీచి బేరమాడ్డానికి జంకేవాళ్ళు. ఆ నోటికి ఎదురు చెప్పకుండా కాపురం చేసినవాడు ధనరాజు ఒక్కడే. బోటు డ్రైవరు. ఎంత తిట్టినా నవ్వి ఊరుకునేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. ఒకళ్ళకొకళ్ళు చాలన్నట్టు ఉండేవాళ్ళు.

ఆ రోజు నెత్తళ్ళ పులుసు వడ్డిస్తూ వేణి నా కాగితంలోకి తొంగిచూసింది. "ఇలాటియి చెప్పి జీతం తీసుకుంటన్నావా అక్కా? సరే, అన్నీ ఐదులే అయితే ఏమవుద్దే?"

అప్పుడు సున్నా వస్తుందని, అది లెక్కలోకి రాదని చెప్పాను.

"ఎందుకు రాదు? ఐదులు నాలుగూ ఏం పాపం చేసుకున్నాయి?"

మా గణితం వాళ్ళకొక అలవాటుంది. ఒక సూత్రం అన్నిటికీ సరిపోయి ఎక్కడో ఒకటి రెండు చోట్ల సరిపోకపోతే, ఆ చోట్లని 'అల్పమైన మినహాయింపు' అని ఒక వాక్యంలో పక్కన పెట్టేసి ముందుకు పోతాం. నాలుగంకెలూ ఒకటే అయితే తీసివేతలో ఏమీ మిగలదు. ఒక్క దెబ్బకి సున్నా. అందులో తెలుసుకోవలసింది ఏముంది? నా పరిశోధన వ్యాసంలోనూ దాన్ని అలాగే ఒక్క వాక్యంలో పక్కన పెట్టేశాను. అదే వేణికి చెప్తే నా లెక్కలు నన్నే తినమని, తను పులుసు తింటానని వెక్కిరించింది.

ఆ వ్యాసం చదివి డాక్టర్ అనంతపద్మనాభం నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చారు. నరాల వైద్యుడు, అరవై దాటాయి, కుడిచెయ్యి ఎప్పుడూ వణుకుతూ ఉండేది. స్టాఫ్ రూములో టీ ఇస్తే సగం సాసర్లో, సగం చొక్కా మీద పడింది. మనిషి మెదడు ఏ క్షణంలో ఎలా ఉందో నాలుగు కొలతల్లో చెప్పేయవచ్చని ఆయన వాదన. భయం, కోరిక, జ్ఞాపకం, ఆశ. ఒక్కోదాని బలం సున్నా నుంచి తొమ్మిది దాకా. అంటే ప్రతి మనిషీ ఒక నాలుగంకెల సంఖ్య. కల్లోలంగా ఉన్న మెదడుని స్థిమితానికి తేవడానికి ఒక దారి కావాలి ఆయనకి. ఎక్కడి నుంచి బయల్దేరినా ఒక్క చోటికే చేర్చే దారి నా దగ్గర ఉంది.

రేవు పక్కన మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీలో ప్రయోగశాల పెట్టాం. ఎన్నిసార్లు కడిగించినా గోడల్లోంచి చేపల వాసన, ఉప్పు చల్లదనం పోలేదు. మధ్యలో ఒక కుర్చీ, తలకి తీగల టోపీ. టోపీ నాలుగు అంకెల్నీ చదువుతుంది. కుర్చీ వాటిని రెండు రకాలుగా పేర్చి, తేడాని సన్నటి విద్యుత్తుగా తిరిగి తలలోకి పంపుతుంది. మర్నాటికి ఆ మనిషి అంకెలు ఆ తేడాకి మారి ఉంటాయి. ఏడు విడతలకి మించకుండా 6174. ఒకసారి అక్కడికి చేరాక ఇంక ఏ కుదుపూ ఆ మనిషిని కదిలించలేదు.

మొదట కూర్చున్నవాడు ఒక లారీ డ్రైవరు. కళ్ళముందు జరిగిన ప్రమాదమేదో అతన్ని నిద్రపోనివ్వడం లేదు. ఐదో విడతకి కుర్చీలోనే గురకపెట్టి నిద్రపోయాడు. డాక్టరుగారు, నేను స్వీట్లు తెప్పించుకుని చిన్నపిల్లల్లా తిన్నాం. తర్వాత మూర్ఛలున్న ఒక టీచరు, పరీక్షల భయంతో చేతులు కొరుక్కునే ఒక అమ్మాయి, ఇంకా చాలామంది వచ్చారు. అందరూ కుదుటపడ్డారు. అందరూ బాగా తింటున్నారు, బాగా నిద్రపోతున్నారు, ఎవరితోనూ గొడవ పడటం లేదు.

నయమైనవాళ్ళని డాక్టరుగారు ఒక మామూలు ప్రశ్న అడిగేవారు. కళ్ళు మూసుకుంటే ఏం కనిపిస్తోంది? లారీ డ్రైవరు ఒక వసారా అన్నాడు. అప్పుడే కడిగినట్టు నేల తడిగా ఉంది. బంతి వేశారు. విస్తళ్ళు పరిచి, మంచినీళ్ళు పెట్టి ఉన్నాయి. లోపలి గదిలో గరిటెల చప్పుడు. వడ్డించడానికి ఎవరో వస్తున్నారు, ఇంకా రాలేదు. మంచి కల అనుకున్నాం. టీచరుగారు కూడా వసారానే చెప్పారు. తన ఎడంపక్క విస్తరి ముందు లుంగీ కట్టుకున్న ఒకాయన కూర్చున్నాడని, పంటికి బంగారు తొడుగుందని అన్నారు. లారీ డ్రైవరుని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. చేతులు కొరుక్కునే అమ్మాయి, తన పక్కన టీచరుగారు ఉన్నారని చెప్పింది. చీర రంగుతో సహా.

ఆ మధ్యాహ్నం ప్రయోగశాల గుమ్మంలో నిలబడి ఎండ తగిలించుకున్నాను. డాక్టరుగారు మాత్రం మురిసిపోయారు. అందరూ ఒకే స్థితిలో ఉన్నప్పుడు ఒకే కల రావడంలో వింతేముంది అన్నారు. మనం పంపిన చోటు నిజంగా ఉందనడానికి అంతకన్నా రుజువేం కావాలని అడిగారు. లెక్క ప్రకారం ఆయన చెప్పింది సరైనదే. నేను మాత్రం ఎండలోంచి లోపలికి రాలేదు.

కొన్నాళ్ళకి టీచరుగారి భర్త వచ్చాడు. ఇంట్లో అంతా బాగుందని, ఆవిడ ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉందని చెప్పి, వెళ్ళకుండా కూర్చున్నాడు. కాసేపయ్యాక, ఆవిడకి కాస్త కోపం తిరిగి ఇప్పించగలరా అని అడిగాడు. పాలు పొంగిపోయినా నవ్వుతుందిట, ఆయన పర్సు పోగొట్టుకుని వచ్చినా నవ్వుతుందిట. అదే నవ్వు. దారిలో ఒక అమ్మాయి ఎదురైతే ఆ అమ్మాయి కూడా అచ్చం అలాగే నవ్విందని, ఆ అమ్మాయీ మీ దగ్గరికే వచ్చేదా అని ఆయన నన్ను అడిగాడు. మూడు తీసివేతల తర్వాత 6174 ని చూపించి ఇది ఏ సంఖ్య నుంచి వచ్చిందో చెప్పమంటే ఎవడూ చెప్పలేడు. మోటారు సైకిలు నంబరు నుంచీ రావచ్చు, పుట్టిన సంవత్సరం నుంచీ రావచ్చు. తిరుగుదారి లేదు. ఆయన భార్య ఆ తిరుగుదారి లేని చోట కూర్చుని, విస్తరి ముందు నవ్వుతోంది.

ఆ రోజుల్లోనే వాయుగుండం వచ్చింది. రేవులో బోట్లన్నీ ముందే ఒడ్డుకి చేరాయి, ధనరాజు నడిపే బోటు తప్ప. హెలికాప్టర్లు తిరిగాయి, కోస్టు గార్డు వాళ్ళు వెతికారు. ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, రెండు ట్యూబులు దొరికాయి. మనిషి దొరకలేదు, బోటూ దొరకలేదు. శవం కనపడనిదే కర్మ చెయ్యకూడదని అత్తవారి తరఫు పెద్దలన్నారు. ఎన్నాళ్ళయినా కనపడకపోతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

వేణి ఏడవలేదు. రేవు కనిపించేలా గుమ్మంలో కూర్చుంది. మొదట్లో పలకరిస్తే పలికేది. తర్వాత ఏ మాటకైనా అతని పేరే జవాబయింది. నెత్తళ్ళు వండిపెడితే ఆయన వచ్చాక తింటానంది. చీర మార్చుకోమంటే ఆయనకి ఇదే ఇష్టమంది. మా అమ్మ ఫోటో చూపించి ఎవరే అంటే, ఆయనకి అత్తగారు అంది. దుమ్ములపేట మొత్తాన్ని తిట్టిపోసిన ఆ నోరు నన్ను ఒక్క మాటైనా అనడం మానేసింది. నోట్లో గంజి పోస్తే పక్కకి కారిపోయేది. ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. ఇలాగే ఉంటే ఎక్కువకాలం బతకదని అక్కడి డాక్టర్లు నాతో తేల్చి చెప్పారు.

నా చేతిలో కుర్చీ ఉంది. అందరికన్నా ముందు నాకు తట్టవలసిన ఆలోచన అదే. తట్టింది కూడా. కానీ సరిగ్గా అప్పుడే సూరపరాజుగారి సంగతి జరిగింది.

ఆయనది పక్క ఊరు. దాయాదులతో గట్టు తగాదా, ఒకే ఒక దావా. యవ్వనమంతా దానికే పోసి, ముసలితనాన్నీ దానికే పోస్తుంటే కొడుకులు పట్టుకొచ్చారు. ఆయనకి భయం దావా పోతుందేమోనని, కోరిక దావా గెలవాలని, జ్ఞాపకమంతా దావాయే, ఆశా దావాయే. టోపీ పెడితే నాలుగు అంకెలూ తొమ్మిదే చూపించాయి. కుర్చీని ఆపే ఏర్పాటు అందులో లేదు. ఆ మినహాయింపుని నేను నా వ్యాసంలోలాగే యంత్రంలోనూ పక్కన పెట్టేశాను. నాలుగంకెలూ సరిగ్గా సమానంగా ఉండే మనిషి ఎక్కడుంటాడు అనుకున్నాను.

డాక్టరుగారు మీట నొక్కారు. సూరపరాజుగారి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది, గుండె కొట్టుకుంటోంది. పెద్దకొడుకు "నాన్నా" అని భుజం పట్టుకుంటే, ఆయన చెయ్యి ఎక్కడ పెడితే అక్కడ ఉండిపోయింది. మర్నాటిదాకా కూడా ఆగలేదు, తెరమీద అప్పుడే నాలుగు సున్నాలు. నోట్లో ముద్ద పెడితే ఆ ముద్ద అలాగే ఉంది. కోపం లేదు, దిగులు లేదు, దావా లేదు, ఆయన లేడు. తర్వాత వసారా గురించి అడిగితే నయమైనవాళ్ళందరూ ఒకే మాట చెప్పారు. ఆ ముసలాయన తమ దగ్గరికి రాలేదని.

కొడుకులు ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోయారు. నేను ఆ పూట ఐస్ ఫ్యాక్టరీ వెనక కూర్చుని ఏడ్చాను. ఒక మనిషిని ఒక వాక్యంలో పక్కన పెట్టేశానన్న బాధ నన్ను తినేసింది. అన్నీ ఒకటే అయితే కుర్చీ పనిచెయ్యకుండా ఆపే ఏర్పాటు అప్పుడు పెట్టాం. డాక్టరుగారు మాత్రం కంగారు పడలేదు. ఇంతమందిలో ఒక్కరే కదా అన్నారు, ఎంతో శాంతంగా. టీ కప్పు చేత్తో పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా తాగారు. నా ఏడుపులో నేనున్నాను, అది చూసి కూడా నాకేమీ తట్టలేదు.

వేణిని తీసుకొచ్చి టోపీ పెట్టాను. తెర చూడకముందే నాకు తెలుసు. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది.

కూర్చోబెట్టకపోతే ఆకలితో పోతుంది. కూర్చోబెడితే కుర్చీ పనిచెయ్యదు, ఆపే ఏర్పాటు తీసేస్తే సున్నా అవుతుంది. కాగితం తీసుకుని 8887 తో లెక్క చేశాను. తీసేస్తే 0999, తర్వాత 8991, 8082, 8532, ఆపైన 6174. ఒక్క అంకె, ఒక్కటంటే ఒక్క మెట్టు మారితే చాలు, మా చెల్లెలు బతుకుతుంది. ధనరాజు కానిది ఏదో ఒకటి దాని తలలో కదలాలి. అంతే.

ఆ ఒక్క అంకె కోసం నేను పడని పాట్లు లేవు. టోపీ తలమీద ఉంచి, తెర చూస్తూ దాని చిన్నప్పటి సంగతులన్నీ చెప్పాను. పేటలో ఎవరి కూతురు ఎవరితో లేచిపోయిందో చెప్పాను. మార్కెట్లో దాని చోటు వేరేవాళ్ళు ఆక్రమించారని అబద్ధం చెప్పాను. దానికి బొద్దింకలంటే చచ్చేంత భయం, ఒకదాన్ని పట్టుకొచ్చి ఒళ్ళో వదిలాను. పాక్కుంటూ చేతిమీదకి ఎక్కింది. వేణి దాన్ని చూడనైనా చూడలేదు. అంకెలు కదల్లేదు. ఏది చెప్పినా, చూపించినా అది ధనరాజు దగ్గరికే పోయి ఆగేది.

అలా ఒక సాయంత్రం కూర్చుని ఉండగా టీచరుగారు, లారీ డ్రైవరు, ఆ అమ్మాయి ముగ్గురూ కలిసి వచ్చారు. ఎవరూ పిలవలేదు. ఒకళ్ళకొకళ్ళు కబురు పెట్టుకున్నట్టూ లేదు, ముగ్గురూ మూడు వైపుల నుంచి వచ్చి గేటు దగ్గర కలిశారు. నన్ను చూసి ఒకే నవ్వు నవ్వారు.

"మీ చెల్లెలుగారికి విస్తరి వేశామండి," అన్నారు టీచరుగారు. "కూర్చోగానే వడ్డిస్తారు."

ఎవరు వడ్డిస్తారని అడిగాను. ముగ్గురూ ఒకేసారి తలుపు వైపు చూశారు, అక్కడినుంచి ఎవరో వచ్చేస్తున్నట్టు. తలుపు దగ్గర ఎవరూ లేరు. వాళ్ళకి మంచినీళ్ళు ఇస్తే ముగ్గురూ గ్లాసు ఒకే తీరున ఎత్తి తాగి, వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆసుపత్రివాళ్ళు వేణికి ఇక నరం దొరకడం లేదన్నారు. చేతుల నిండా సూది గాయాలు. ఇంకేం ఆలోచించడానికీ టైము లేదు. అప్పుడు నాకు తట్టింది ఒక్కటే. ప్రేమతో ఏది చెప్పినా ధనరాజు దగ్గరికే పోతోంది. అక్కడికి పోకుండా, మధ్యలో నా దగ్గర ఆగిపోయేది ఏదైనా కావాలి. ఏ మాట అంటే మా చెల్లెలు మొగుణ్ణి కూడా కాసేపు మర్చిపోయి నన్ను అసహ్యించుకుంటుంది? ఆ మాట కూడా ఎక్కువసేపు ఉండనక్కర్లేదు. మొదటి విడతకి పనికొస్తే చాలు, మిగతా విడతల్లో ఆ అసహ్యం కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అలా అనుకునే ధైర్యం తెచ్చుకున్నాను.

లెక్కలో కూర్చుంటే నేను ఫోను ఎత్తనని, ఎత్తినా ఏం విన్నానో నాకే గుర్తుండదని మా ఇంట్లో అందరికీ తెలుసు. వేణి ఆ విషయంలో నన్ను ఎన్నిసార్లు ఉతికి ఆరేసిందో లెక్కలేదు.

కుర్చీలో కూర్చోబెట్టి టోపీ పెట్టాం. డాక్టరుగారు మీట దగ్గర నిలబడ్డారు. నేను వేణి ముందు నేలమీద కూర్చున్నాను.

"వేణీ, ఆ సాయంత్రం ధనరాజు నాకు ఫోన్ చేశాడే," అన్నాను. "బోటు ఇంజను ఆగిపోయిందన్నాడు. లైట్‌హౌసు కనపడతానే ఉంది, ఎవరికైనా చెప్పు వదినా అన్నాడు. నేను లెక్కలో ఉన్నాను. సరేనని పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. మర్చిపోయాను."

ధనరాజు నాకు ఫోన్ చెయ్యలేదు. ఆ సాయంత్రం నా ఫోను మోగనే లేదు. ఈ మాట ఇక్కడ రాస్తున్నాను గానీ, దీన్ని వినవలసిన మనిషికి చెప్పే వీలు నాకు లేదు.

వేణి కళ్ళు రేవు వైపు నుంచి మెల్లగా తిరిగి నా మొహం మీద ఆగాయి. తెరమీద చివరి ఎనిమిది ఏడయింది. ఆశ ఒక మెట్టు దిగింది. ఏడు కాస్తా ఐదయింది. మొదటి అంకె, భయం, మూడుకి పడిపోయింది.

"ఎవరికీ చెప్పలేదా?" అంది వేణి. ఎన్నో వారాల తర్వాత దాని గొంతు విన్నాను. ఎండిపోయి, బొంగురుగా ఉంది.

"లేదు."

"లెక్క చేసుకుంటన్నావా?"

"ఆఁ."

చెయ్యి ఎత్తే బలం కూడా లేని మనిషి నా జుట్టు పట్టుకుంది. గుప్పిటతో పట్టి గుంజింది. తిట్టింది. మా అమ్మని కలిపి, నా చదువుని కలిపి, దాని నెత్తిన మోసిన గంపల్ని కలిపి తిట్టింది. మార్కెట్లో బేరగాళ్ళని తిట్టే తిట్లే, ఒక్కటీ మర్చిపోలేదు. నొప్పితో నా కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. లోపల మాత్రం పండగలా ఉంది. ఇదే మా వేణి. ఇదే నా చెల్లెలు.

"చాలు రత్నంగారూ, తప్పుకోండి," అన్నారు డాక్టరుగారు. "మొదలుపెట్టేస్తాను."

మీట మీద ఉన్న ఆయన చేతిని అప్పుడు చూశాను. కుడిచెయ్యి. ఆ చెయ్యి వణకడం లేదు.

"మీరెప్పుడు కూర్చున్నారు డాక్టరుగారూ?" అని అడిగాను.

ఆయన నవ్వారు. టీచరుగారి నవ్వు, లారీ డ్రైవరు నవ్వు. "చాలా హాయిగా ఉందమ్మా. మీ చెల్లెలి విస్తరి నా పక్కదే. రానివ్వండి."

వేణి నా జుట్టు ఇంకా వదల్లేదు. దాని మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. పగిలిన పెదాలు, మండే కళ్ళు. ఏడు విడతల తర్వాత ఈ మొహం నన్ను చూసి అదే నవ్వు నవ్వుతుంది. కూర్చో అక్కా, అంటుంది. ధనరాజు ఫోటో చూసి మంచివాడు అంటుంది. ఆరోగ్యంగా, చక్కగా, ఏళ్ళ తరబడి బతుకుతుంది, మా వేణి తప్ప ఎవరైనా బతకగలిగినట్టు.

టోపీ లాగేశాను. తీగలు తెగి డాక్టరుగారి కాళ్ళమీద పడ్డాయి. ఆయన కోప్పడలేదు. నవ్వుతూనే వంగి తీగలు ఒక్కొక్కటే ఏరుకున్నారు.

వేణి ఆ రోజే గంజి తాగింది. నర్సు చెప్పింది, ఆ అక్క పిశాచి అంతు చూడకుండా చావనని గంజి అడిగి తాగిందిట. వారం తిరిగేసరికి అన్నం తినగలిగింది. ఇంటికెళ్ళింది. ఇప్పటికీ రేవు వైపు చూస్తుంది, ధనరాజు కోసం ఏడుస్తుంది. మధ్యమధ్యలో నన్ను తలుచుకుని మండిపడుతుంది. ఆ మంటే దాన్ని లేపి నిలబెడుతోంది. పేట మొత్తానికి చెప్పింది. నేను ఆ వీధిలోకి వెళితే ఆడవాళ్ళు మొహాలు తిప్పుకుంటారు, ముసలివాళ్ళు ఉమ్మేస్తారు. పెద్దచదువు చదివి మరిదిని సముద్రంలో వదిలేసిన మనిషిని నేను.

కుర్చీని డాక్టరుగారు పెద్ద ఊరికి తీసుకెళ్ళారు. అక్కడ జనం బారులు తీరుతున్నారని, ఏ గొడవా లేకుండా వరుసలో నిలబడుతున్నారని విన్నాను. వసారా పొడుగు పెరుగుతూనే ఉండి ఉంటుంది. నేను కాలేజీలో పాఠం చెప్పుకుంటున్నాను. ఆ సంఖ్య జోలికి మళ్ళీ పోలేదు. అయితే ఒక్కోసారి మధ్యాహ్నం పూట, పాఠం మధ్యలో నా ఫోను మోగినట్టు అనిపిస్తుంది. తీసి చూస్తే ఏమీ ఉండదు. మోగని ఫోను గురించి ఇంతమంది చెప్పుకున్నాక అది నా చెవిలో ఎక్కడో నిజంగా మోగడం మొదలుపెట్టిందేమో.

నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. నామీద కోపం పోతుంది. ఆ ఒక్క అంకె పోతుంది. మళ్ళీ నాలుగూ ఎనిమిది.

మొన్న ఉండబట్టలేక వెళ్ళాను. వేణి గుమ్మంలో కూర్చుని గంపలో చేపలు సర్దుకుంటోంది. ఇంకా బక్కగానే ఉంది. నన్ను చూసి తిట్లు లంకించుకుంటుందనుకున్నాను. తిట్టలేదు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నా మొహంలోకి చూసింది.

"ఒక్క మాట చెప్పవే అక్కా," అంది. నన్ను అక్కా అని పిలిచి ఎన్నాళ్ళయిందో. "ఫోన్లో నా గురించి ఏమన్నా అన్నాడా?"

ఏం చెప్పినా నమ్ముతుంది. వేణి జాగ్రత్త అన్నాడని చెప్పవచ్చు. నీ పేరు తలుచుకుంటూనే ఉన్నాడని చెప్పవచ్చు. ఒక్క మాట చాలు దానికి, ఆ మాటని గుండెలకి హత్తుకుని జీవితాంతం ఆ గుమ్మంలో కూర్చుంటుంది. కాగితం మీద కూడా వెయ్యనక్కర్లేని లెక్క అది.

"నేను వినలేదే," అన్నాను. "ఏదో చెప్తున్నాడు, మధ్యలో పెట్టేశాను."

వేణి నా కాళ్ళ దగ్గర ఉమ్మి, గంప నెత్తిన పెట్టుకుని మార్కెట్టుకి వెళ్ళింది. ఆ రోజు చేపలన్నీ అమ్మిందని, అక్కడే కూర్చుని అన్నం తిన్నదని పక్కింటావిడ చెప్పింది.